నా చేతికి బాగానే వస్తోంది

రంగనాథ్‌కి లినక్స్ పిచ్చి పట్టి ఆరేళ్ళయింది. లినక్స్ అంటే విండోస్ బదులు కంప్యూటర్ని నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్. వారంలో ఐదు రోజులు గుర్‌గావ్‌లో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీకి పనిచేసేవాడు. మిగిలిన రెండు రోజులూ తెలిసినవాళ్ళ కంప్యూటర్లని ఒక్కొక్కటిగా లినక్స్‌లో కలుపుకునే పని పెట్టుకున్నాడు. ఎవరైనా పొరపాటున "సిస్టం స్లో అయిపోయింది" అంటే చాలు, సంచీలోంచి సీడీ బయటికి తీసేవాడు. ఢిల్లీ మునిర్కాలో అతనితో పాటు అద్దెకుండే ఇద్దరూ శనివారం వస్తోందంటే తమ లాప్‌టాప్‌లు బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్ళు. మనిషి మంచివాడే. అడిగినవాళ్ళకి సాయం చేస్తాడు, అడగనివాళ్ళకి ఇంకా ఎక్కువ చేస్తాడు.

అలా అతని చేతికి చిక్కిన ఇళ్ళలో గోవిందరాజులుగారి ఇల్లొకటి. ఆయన కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. ఆర్.కె. పురం సెక్టార్ ఎనిమిదిలో క్వార్టరు. సొంతూరు శ్రీకాళహస్తి. రంగనాథ్‌ది తెనాలి. ఢిల్లీలో ఆ రెండు ఊళ్ళూ పక్కపక్క వీధుల కిందే లెక్క. బస్టాపులో మొదలైన పరిచయం నెల తిరిగేసరికి ఆదివారం భోజనం దాకా వచ్చింది. ఆయన భార్య తాయారమ్మ పెట్టే ముద్దపప్పు, చింతకాయ పచ్చడి కోసం రంగనాథ్ వారమంతా ఎదురుచూసేవాడు. తిన్నదానికి బదులుగా ఏదో ఒకటి చెయ్యాలని, రెండువేల ఏడు డిసెంబరులో, వాళ్ళమ్మాయి హరిత లాప్‌టాప్‌లో విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించాడు. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన ఆ పిల్లది బీకాం చివరి సంవత్సరం, మాట సగం హిందీ. "భయ్యా, మేరీ ఫైల్స్?" అని ఏడుపు ముఖం పెట్టింది. ఫైళ్ళన్నీ భద్రంగానే ఉన్నాయని చూపించి, అప్పటికి గండం గట్టెక్కాడు.

తాయారమ్మకి యాభై ఒకటి. ఆమె తండ్రి కాళహస్తిలో పేరున్న కలంకారీ పనివాడు. వెదురుపుల్లకి గుడ్డ చుట్టి, దారంతో బిగించి, కసిమిలో ముంచి గుడ్డ మీద గీత లాగడం ఆమె ఏడో ఏట నేర్చుకుంది. కసిమి అంటే తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టి చేసే నల్లరంగు. పెళ్ళై ఢిల్లీ వచ్చాక కూడా చెయ్యి మానలేదు. నోయిడాలో కర్టెన్లూ దుప్పట్లూ ఎగుమతి చేసే ఒక కంపెనీకి పదేళ్ళుగా కాగితాల మీద అంచులు గీసి ఇచ్చేది. తీగలూ, హంసలూ, మామిడిపిందెలూ. ఆమె గీసిన తీగ ఏ దేశంలో ఎవరి కిటికీకి వేలాడుతోందో ఆమెకి తెలియదు, అడగనూ లేదు.

ఆ జనవరిలో కంపెనీవాళ్ళు కాగితాలు మానేశారు. ఇకమీదట అన్నీ కంప్యూటర్లోనే గీయాలన్నారు. గీయడానికి ఒక టాబ్లెట్ ఇచ్చి పంపారు. బడిపిల్లల పలకంత నల్లటి బిళ్ళ, దానికో సిరా లేని పెన్ను. పలక మీద గీస్తే గీత తెర మీద పడుతుంది. తాయారమ్మ మొదటి రోజు నుంచీ దాన్ని పలక అనే పిలిచింది. దానితో పాటు ఇంకో మాట కూడా చెప్పి పంపారు. ఫిబ్రవరి నెలాఖరుకి పన్నెండు అంచులు పలక మీద గీసి పంపితే, నచ్చితే, డిజైన్ గదికి ఆమెనే పెద్దగా పెడతారు. నలుగురు అమ్మాయిలు ఆమె కింద పని నేర్చుకుంటారు. పాతికేళ్ళుగా ఈ ఊళ్ళో ఆమె గోవిందరాజులుగారి భార్య, లేదా హరిత వాళ్ళమ్మ. తాయారమ్మ అనే పేరుతో ఆమెని ఒక ఆఫీసు పిలవడం అదే మొదలు. ఆ సంగతి చెబుతున్నప్పుడు ఆమె ముఖం చూడాలి. అప్పుడు రంగనాథ్ చూసింది మాత్రం పలక వెనక ఉన్న మోడల్ నంబరు.

పలకతో పాటు విండోస్ సీడీ ఒకటి వచ్చింది. "ఇది అక్కర్లేదాంటీ" అని రంగనాథ్ దాన్ని కవరుతో సహా పక్కన పెట్టేశాడు.

"భయ్యా, మళ్ళీ విండోసే ఎక్కించెయ్ నా. సీడీ తో హై" అంది హరిత.

ఆ మాట అతనికి సూదిలా గుచ్చుకుంది. సీడీ పెట్టి నాలుగు సార్లు ఓకే నొక్కితే అయిపోయే పనికి నాలుగు ఆదివారాలు పట్టించాడు. మొదటి ఆదివారం లాప్‌టాప్ పలకని గుర్తే పట్టలేదు. పలకనీ లాప్‌టాప్‌నీ కలిపే డ్రైవర్ అనే ప్రోగ్రాం దింపి, కూర్చి, మళ్ళీ కూర్చి, సాయంత్రానికి బాణం గుర్తుని కదిలించాడు. రెండో ఆదివారం పెన్ను ఎడమ మూల పెడితే బాణం తెర మధ్యలో నిలబడింది. అది సరయ్యేసరికి పెన్ను నొక్కిపెట్టినా, తేల్చిపెట్టినా గీత ఒకే లావున రావడం మొదలైంది. మూడో ఆదివారమంతా రంగనాథ్ డ్రైవర్ సెట్టింగుల ఫైలు తెరిచి అందులో ఏవేవో పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. తాయారమ్మ మధ్యమధ్యలో వచ్చి వేరుశనక్కాయలు పెట్టి, తెర వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయేది. నెలాఖరు దగ్గరపడుతోందని ఆమె ఒక్కసారి కూడా అనలేదు.

నాలుగో ఆదివారం మధ్యాహ్నం గీత పలచగా మొదలై లావుగా ముగిసింది. రంగనాథ్ కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు.

"రండాంటీ! ఇంక మీదే ఆలస్యం!"

తాయారమ్మ చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. పెన్ను పట్టుకుని, ఊపిరి బిగబట్టి, తీగని ఒక మూల నుంచి ఇంకో మూలకి లాగింది. కలం పట్టిన చెయ్యి కదా, చాలా నిదానంగా లాగింది. తెర మీద పడిన గీత తిన్నగా లేదు. అంచు పొడుగునా రంపపు పళ్ళలా సన్నని గరుకు. ఆమె దాన్ని చెరిపి మళ్ళీ గీసింది. మళ్ళీ అంతే. మూడోసారి ఇంకా నిదానంగా లాగింది, ఇంకా ఎక్కువగా వచ్చింది.

"రంగనాథా, ఇది వణకతా ఉంది, చూడప్పా" అంది.

రంగనాథ్ కూర్చోను కూడా లేదు. నిలబడే ఆమె చేతిలోంచి పెన్ను తీసుకుని, తెర మీద బర్రున సంతకం చేశాడు. సంతకం నున్నగా వచ్చింది.

"నా చేతికి బాగానే వస్తోందాంటీ" అన్నాడు.

అతని వృత్తిలో ఇది రోజుకి పదిసార్లు వాడే మాట. ఎవడో ఎక్కడినుంచో ప్రోగ్రాం పనిచేయడం లేదని ఫిర్యాదు రాస్తాడు. ఇవతలివాడు తన యంత్రం మీద ఒకసారి నడిపి చూస్తాడు. నడిస్తే, నా దగ్గర బాగానే ఉంది అని రాసి ఫిర్యాదు మూసేస్తాడు. అలా తొందరగా మూసేసినవాడికి ఆఫీసులో మెప్పు కూడా దొరుకుతుంది. రంగనాథ్ ఎన్నోసార్లు ఆ మెప్పు పొందినవాడు.

తాయారమ్మ సంతకం వైపు చూసింది. తన గీత వైపు చూసింది.

"గుడ్డ మీద నాకు బాగానే వస్తుంది కదప్పా?"

"గుడ్డ మీద చిన్న చిన్న వణుకు కనపడదాంటీ. రంగుని గుడ్డ పీల్చేసుకుంటుంది కదా. ఇది సెకనుకి వందసార్లు పెన్ను ఎక్కడుందో చూస్తుంది. ఎంత చిన్నది ఉన్నా పట్టేస్తుంది. కంప్యూటర్ ఉన్నదే చూపిస్తుందండీ" అన్నాడు రంగనాథ్. పలకని పొగుడుతున్నాననే అనుకున్నాడు పాపం.

ఆమె "అచ్ఛా" అంది. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని దానిమీద ఎడమచెయ్యి వేసుకుంది. ఆ తర్వాత ఎన్నో రోజులు ఈ దృశ్యమే రంగనాథ్‌ని నిద్రపోనివ్వలేదు. ఆ పూట మాత్రం అతను రెండోసారి పెరుగన్నం అడిగి వేయించుకుని, గెలిచిన ఉత్సాహంతో మునిర్కా దాకా నడిచే వెళ్ళాడు.

ఆమె తండ్రి సంగతి అతనికి అప్పటికి తెలియదు. ఆయనకి యాభై రెండో ఏట చేతులు వణకడం మొదలైంది. మొదట్లో ఆయనకొక్కడికే తెలిసేది. తర్వాత కూతురికి తెలిసింది. ఆ తర్వాత ఒకనాడు అమ్మవారి కన్ను గీస్తూ ఉంటే కలం చెంప మీదకి జారింది. అక్కడితో ఆయన కలం పట్టడం ఆగిపోయింది. ఇంకా తొమ్మిదేళ్ళు బతికాడు, ఎవరో ఒకరు అన్నం కలిపి పెడితే తింటూ. తాయారమ్మకి నలభై దాటిన దగ్గర్నుంచీ ప్రతి పుట్టినరోజూ ఒక భయం.

తర్వాతి ఆదివారం ఆమె రంగనాథ్‌ని పక్కకి పిలిచింది.

"నెట్లో చేతులు వణికే జబ్బు గురించి ఉంటుందా నాయనా? మాకు తెలిసినోళ్ళు అడగతా ఉండారు."

"ఎందుకుండదాంటీ!" అన్నాడు రంగనాథ్. ఆఫీసు ప్రింటర్లో పదకొండు పేజీలు తీసి, ప్లాస్టిక్ ఫోల్డర్లో పెట్టి తెచ్చి ఇచ్చాడు. బొమ్మలున్న పేజీలు రంగుల్లో తీశాడు కూడా.

మార్చి రెండో వారంలో, అన్నం వడ్డిస్తూ, తాయారమ్మ మామూలుగా చెప్పినట్టు చెప్పింది. "ఆ నోయిడా పని మానేసినానప్పా. మూడు అంచులు గీసినా. ఇంక రావనిపించింది. నా చేతిలో లేదని ఫోన్ చేసి చెప్పేసినా. వయసయింది కదా."

గోవిందరాజులుగారు తల వంచుకుని అన్నం కెలుకుతున్నారు. రంగనాథ్ నోట్లో ముద్ద పెట్టుకుంటూ, "పర్లేదాంటీ, హాయిగా రెస్ట్ తీసుకోండి. ఇన్నాళ్ళూ చేశారుగా" అన్నాడు. ఆ మాట అన్న నాలుకని ఏం చేసినా పాపం లేదని తర్వాత అతనే అనుకున్నాడు.

ఏప్రిల్ మొదటి ఆదివారం. గోవిందరాజులుగారు వరండాలో కూలర్ కడుగుతున్నారు. హరిత లాప్‌టాప్ ముందు కూర్చుని కాలేజీ ప్రాజెక్టు టైపు చేస్తోంది. కంపెనీకి తిరిగి ఇచ్చెయ్యాల్సిన పలక ఇంకా దానికే తగిలించి ఉంది, పెన్ను పలక మీదే పడి ఉంది. రంగనాథ్ పక్కన కూర్చుని పేపరు తిరగేస్తున్నాడు.

"ఉఫ్, ఫిర్ సే!" అని హరిత విసుక్కుంది. "భయ్యా, యే ఆరో అప్నే ఆప్ కాఁప్తా రెహతా హై."

రంగనాథ్ తలెత్తి చూశాడు. తెర మధ్యలో బాణం వణుకుతోంది. పెన్నుని ఎవరూ ముట్టుకోలేదు. హరిత రెండు చేతులూ కీబోర్డు మీదే ఉన్నాయి. ఏ చెయ్యీ లేకుండానే, ఉన్నచోటే, సన్నగా, ఆగకుండా వణుకుతోంది.

"ఎప్పట్నుంచి ఇలా?"

"మొదట్నుంచీ. పెన్ను పక్కన పెట్టేస్తే ఠీక్ హో జాతా హై" అంటూ పెన్ను తీసి బల్ల మీద పెట్టింది. బాణం ఆగిపోయింది. "మైఁనే సోచా లినక్స్‌లో ఇంతేనని."

రంగనాథ్ పేపరు కింద పడేశాడు. "ఒక్క నిమిషం ఇటివ్వమ్మా" అని లాప్‌టాప్ తనవైపు లాక్కున్నాడు. పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టాడు. సెట్టింగుల ఫైలు తెరుచుకుంది. ఆ మూడో ఆదివారం అతను పెట్టిన రెండు లైన్లు అక్కడే ఉన్నాయి. వాటి పక్కనే అతని రాత. పరీక్ష కోసం పెట్టినవి, పనయ్యాక తీసెయ్యాలి, రంగనాథ్.

పలక పంపే సంకేతం ఎప్పుడూ కొంచెం అదురుతూనే ఉంటుంది. కరెంటు ప్లగ్గుకి సరైన ఎర్తు లేని పాత క్వార్టర్లలో మరీనూ. ఆ అదురుని వడకట్టి నున్నని గీత ఇవ్వడం డ్రైవర్ పని. పెన్ను నొక్కుడు ఎందుకు అందడం లేదో తెలుసుకోవడానికి రంగనాథ్ ఆ రోజు వడపోత ఆపేశాడు, సంకేతం ఉన్నదున్నట్టు చూడాలని. నొక్కుడు అందింది. ఆ సంబరంలో వడపోత సంగతి మర్చిపోయాడు. గబగబా గీస్తే ఆ అదురు వేగంలో కలిసిపోతుంది, అందుకే సంతకం నున్నగా వచ్చింది. ఊపిరి బిగబట్టి నిదానంగా లాగేవాళ్ళకే అది కనబడుతుంది. అంటే చెయ్యి ఎంత కుదురుగా ఉంటే గీత అంత వణుకుతుంది. ఈ ఇంట్లో అంత కుదురైన చెయ్యి ఒక్కరికే ఉంది.

రెండు లైన్లూ చెరిపేసి లాప్‌టాప్ మళ్ళీ స్టార్ట్ చేశాడు. పెన్ను తీసి పలక మీద పడుకోబెట్టాడు. బాణం కదల్లేదు.

అప్పుడే తాయారమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చి ఇచ్చింది. గ్లాసుని రెండు చేతులా పట్టుకుని తెచ్చింది. ఎప్పటినుంచి అలా పట్టుకుంటోందో రంగనాథ్‌కి తెలియదు. ఆమె వెనక అలమరలో ప్లాస్టిక్ ఫోల్డరు కనబడింది. పేజీల అంచులు నలిగి ఉన్నాయి. పై పేజీలో ఇంగ్లీషు వాక్యాల కింద పెన్సిల్ గీతలున్నాయి. ఎవరో దగ్గర కూర్చుని చదివి చెబుతుంటే ముఖ్యమైనవని గీసుకున్న గీతలు.

"ఏం నాయనా, ముఖం అట్ల పెట్టినావు?"

"ఏం లేదాంటీ. ఎండ" అన్నాడు రంగనాథ్.

మనిషి పిరికివాడైనప్పుడు ఎన్ని తెలివితేటలు పుట్టుకొస్తాయో! ముందు ఆమె ఉద్యోగం ఆమెకి ఇప్పించేసి ఆ తర్వాత నిజం చెబుదామనుకున్నాడు. సోమవారం ఆఫీసు మెట్ల మీద నిలబడి నోయిడా కంపెనీకి ఫోన్ చేశాడు. తాయారమ్మకి అక్క కొడుకునని చెప్పుకున్నాడు. డిజైన్ చూసుకునే మేడం మర్యాదగానే మాట్లాడింది. ఆ చోటికి వేరేవాళ్ళని తీసుకున్నారట. "ఆమే వద్దన్నారు. చేతి మీద నమ్మకం పోయిందన్నారు. మాకూ చాలా బాధేసింది. ఎలా ఉన్నారిప్పుడు?" అని హిందీలో అడిగింది. బాగానే ఉన్నారని చెప్పి పెట్టేశాడు. ఆ రోజు మధ్యాహ్నం ఎవరో రాసిన ఫిర్యాదు అతని ముందుకొచ్చింది. తన యంత్రం మీద నడిపి చూశాడు, నడిచింది. ఫిర్యాదు మూయడానికి చెయ్యి రాలేదు. సాయంత్రం క్యాబ్ వచ్చేదాకా దాని ముందే కూర్చున్నాడు.

ఒక ఆదివారం పని ఉందని అబద్ధం చెప్పి తప్పించుకున్నాడు. ఆపై ఆదివారానికి ఇంకో తెలివి పుట్టింది. డ్రైవర్ ఎలాగూ బాగుపడింది. ఆమె చేత ఒక్కసారి గీయిస్తే, గీత నున్నగా వస్తే, భయం దానంతటదే పోతుంది. తను చెప్పాల్సిన పనే ఉండదు. అలా అనుకున్నాక రెండు వారాల్లో మొదటిసారి కడుపునిండా టిఫిన్ తిని బయల్దేరాడు.

"ఆంటీ, పలక తిరిగి ఇచ్చేముందు ఒక్కసారి గీయండి. ఊరికే."

"వద్దు నాయనా. ఇంక అది ఎందుకు?"

"నా కోసం. ఒక్క తీగ."

ఆమె ఇష్టం లేకుండానే వచ్చి కూర్చుంది. పెన్ను పట్టుకుని, లాగింది. తీగ తెర మీద ఈ మూల నుంచి ఆ మూలకి నున్నగా సాగింది. ఎక్కడా గరుకు లేదు. రంగనాథ్ ఆమె ముఖంలోకి ఆశగా చూశాడు.

తాయారమ్మ ఆ గీతని చాలాసేపు చూసింది. తర్వాత పెన్ను కింద పెట్టి నవ్వింది. సంతోషపు నవ్వు కాదది.

"ఏందో మందు వేసినావు దీనికి."

"మందేంటాంటీ?"

"వణుకు కనపడకుండా చేసినావు. నాకు తెలీదనుకుంటివా?" అంది. "మా నాయన చెయ్యి పాడైనాక శిష్యులు ఇట్లనే చేసేటోళ్ళు. ఆయన గీసిన వంకర గీతని, ఆయన అట్ల పోయి పడుకోంగానే, లావు చేసి సరిదిద్దేటోళ్ళు. ఆయనకి తెలుసు. లేచినాక చూసుకుని, ఏమీ అనేవాడు కాదు." ఆమె రంగనాథ్ తల మీద చెయ్యి వేసి నిమిరింది. "నువ్వు మంచోడివప్పా. నా కోసం ఇంత చేసినావు."

తిట్టినా భరించేవాడు. కొట్టినా భరించేవాడే. ఆ చెయ్యి కిందనుంచి రంగనాథ్ తల తప్పించుకున్నాడు.

"కాదాంటీ" అన్నాడు. "నేను మంచోణ్ణి కాదు. ఒక్కసారి ఇది చూడండి."

ఫైలు తెరిచి, చెరిపేసిన రెండు లైన్లనీ మళ్ళీ టైపు చేశాడు. లాప్‌టాప్ మళ్ళీ స్టార్ట్ చేశాడు. పెన్ను తీసి పలక మీద పడుకోబెట్టి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు. తెర మధ్యలో బాణం వణకడం మొదలుపెట్టింది.

తాయారమ్మ బాణం వైపు చూసింది, పెన్ను వైపు చూసింది.

"ఎవురూ పట్టుకోలేదే."

"లేదాంటీ. వణుకుతున్నది మీ చెయ్యి కాదు. ఎప్పుడూ కాదు. పరీక్ష కోసమని నేను పెట్టిన రెండు లైన్లు తీయడం మర్చిపోయాను. ఆ రోజూ ఇదే. మీరు వణుకుతోందని చెప్పినప్పుడు నేను చూడలేదు. నా చేతికి బాగానే వస్తోందని అనేశాను." అతను ఆగి, మిగిలింది కూడా చెప్పేశాడు. "నాకు రెండు వారాల కిందటే తెలిసింది. చెప్పడానికి ధైర్యం చాల్లేదు. నోయిడాకి ఫోన్ చేశాను. ఆ పని వేరేవాళ్ళకి ఇచ్చేశారట."

గోవిందరాజులుగారు లోపలి గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎప్పుడు వచ్చారో, అంతా విన్నారు. మనిషి ఎన్నడూ గట్టిగా మాట్లాడినవాడు కాదు. ఇప్పుడు కూడా గొంతు పెంచలేదు.

"రెండు నెల్లుగా ఇది నా ముందర చెయ్యి చాపి అన్నం తినలేదయ్యా" అన్నారు. "నేను లేచి పోయినాక తింటా ఉంది. వచ్చే నెల డాక్టరు దగ్గరికి పోవాలని చీటీ రాయించుకుని ఉండాం."

"అంకుల్, నేను..." అన్నాడు రంగనాథ్. క్షమించమనడానికి కూడా ఒక అర్హత ఉండాలనిపించి ఊరుకున్నాడు. హరిత తల్లి భుజం మీద చెయ్యి వేసి, అతని వైపు చూడకుండా నిలబడింది.

తాయారమ్మ లేచింది. మంచం కింద నుంచి రేకుపెట్టె లాగి, అందులోంచి పాలూ కరక్కాయా పట్టించిన గుడ్డ ముక్క, కసిమి సీసా, కలం తీసింది. నేల మీద గుడ్డ పరిచి దాని ముందు కూర్చుంది. సీసా మూత బిగుసుకుపోతే హరిత తీసి ఇచ్చింది. కలాన్ని ముంచి, గుడ్డ చుట్టిన చోట వేలితో మెల్లగా నొక్కి, ఊపిరి బిగబట్టింది. ఇంట్లో అందరూ ఊపిరి బిగబట్టారు. ఇప్పుడు తీగ వస్తుంది, నున్నగా వస్తుంది, అంతా సర్దుకుంటుందని రంగనాథ్ లోలోపల మొక్కుకున్నాడు.

చెయ్యి గుడ్డ మీద ఆగింది. దిగలేదు. అలా ఆగి ఆగి కలం మొన సన్నగా కదలడం మొదలైంది. నల్లచుక్క ఒకటి జారి గుడ్డ మీద పడి పాకింది. తాయారమ్మ కలం పక్కకి తీసేసింది.

"అమ్మా, థోడీ దేర్ బాద్ గీద్దువులే" అంది హరిత.

"అది కాదు." తాయారమ్మ తన వేళ్ళని చూసుకుంటోంది. "ముందు నేను గీత చూసేదాన్ని. అది యాడికి పోతా ఉందో చూసేదాన్ని. చెయ్యి ఉందనే గెవనం ఉండేది కాదు. ఇప్పుడు చెయ్యి చూస్తా ఉండా. గుడ్డ కనపడేలేదు నాకు."

రంగనాథ్ బల్ల దగ్గరకి వెళ్ళి పలక మీద పెన్ను తీసేశాడు. తెర మీద బాణం ఆగింది. ఆపగలిగింది అదొక్కటే అని అతనికి తెలుసు.

"రంగనాథా" అంది తాయారమ్మ, అతని వైపు తిరక్కుండానే. గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతోంది. "ఇప్పుడు పెన్ను పలక మీద పెట్టి, చేతులు వెనక్కి పెట్టుకుని చూపించినావే. ఆ పొద్దు అట్ల చూడాలంటే ఎంతసేపు పట్టేది?"

ఒక అబద్ధం అతని నోటిదాకా వచ్చింది. డ్రైవర్లంటే చాలా పెద్ద వ్యవహారమనీ, ఎంత వెతికినా దొరికేది కాదనీ చెప్పొచ్చు. ఈ ఇంట్లో ఎవరూ కాదనేవాళ్ళు లేరు.

"అర నిమిషం కూడా పట్టేది కాదాంటీ" అన్నాడు.

ఆమె తల ఊపింది. గుడ్డని కొంచెం పక్కకి జరిపి, మరక లేని చోటు చూసుకుని, కలాన్ని మళ్ళీ కసిమిలో ముంచింది. రంగనాథ్‌ని కూర్చోమని ఎవరూ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. అతను గోడ పక్కన అలాగే నిలబడి ఉన్నాడు.